నీలిమందు పెట్టిన చేతులు

"నీలం పెట్టమని నీకెవరు జెప్పిరి?"

"పెట్టొద్దని ఎవరు జెప్పిరి?"

కువైట్‌లో, సాల్మియాలోని ఆ మూడంతస్తుల ఇంటి మేడమీద, ప్లాస్టిక్ తొట్టికి అటు గురప్ప, ఇటు అతని భార్య సంజీవమ్మ నిలబడి ఈ రెండు మాటల్నీ అప్పటికి నాలుగుసార్లు అనుకున్నారు. ఐదోసారి అనుకోవడానికి ఓపిక లేక ఇద్దరూ తొట్టిలోకి చూశారు.

తొట్టిలో పది జూడో కోట్లున్నాయి. నిన్న మధ్యాహ్నం దాకా తెల్లనివి. ఇప్పుడు ఒకదానికి వీపున, ఒకదానికి చంకలో, ఒకదానికి సరిగ్గా గుండెల మీద నీలం మచ్చలు. మచ్చలంటే చిన్నవి కావు, అరచేయంతేసి ఉన్నాయి.

"బొంతల్లాంటి బట్టలు. వీటికి నీలం పెడతారా ఎవరైనా?"

"తెల్లబట్టకు నీలం పెట్టకపోతే ఇంకేం పెడతారు, పసుపా? మా అమ్మ మీ నాయన పంచెలకు పెట్టలా? అప్పుడు బాగుండెనే!"

తన తండ్రి పంచెల ప్రస్తావన వచ్చేసరికి గురప్ప గమ్మునైపోయాడు. అతనికి కోపం వస్తే మాట పెరగదు, తగ్గుతుంది. సంజీవమ్మది అందుకు సరిగ్గా ఎదురు. ఇలాంటి ఇద్దరికి ముడిపెట్టిన పెద్దలు రాయచోటిలో హాయిగానే ఉన్నారు.

ఉదయం ఎనిమిదింటికే మేడ అట్లపెనంలా ఉంది. సాయంత్రం నాలుగింటికి జపాను గురువు వస్తాడు. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు పిలిచేది మామా అని. ఆవిడ పెద్దకొడుకు జాసిం ఇంటి కింది నేలమాళిగలో, వాళ్ళ మాటలో సర్దాబ్‌లో, జూడో నేర్పుతాడు. చుట్టుపక్కల పిల్లలు ఇరవైమంది. ఇరవై కోట్లూ ఇంటివే, వాటిని ఉతికే పని సంజీవమ్మది. గురువు ఈ ఒక్కరోజు పరీక్ష పెట్టి, పిల్లల నడుముకు కొత్త రంగు పట్టీలిచ్చి, రేపు విమానమెక్కుతాడు. కోట్లు పాలలా ఉండాలని జాసిం వారం నుంచి పదిసార్లు చెప్పాడు.

ఇక కింద వంటింట్లో, ఫ్రిజ్ మీద, ఒక పాస్‌పోర్టు ఉంది.

నిన్నటిదాకా ఆలుమగలిద్దరి పాస్‌పోర్టులూ మామా బీరువాలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి. ఈ ఉదయం మామా మచ్చల కోటు చూసి అరిచిన అరుపుకి పక్కింటి కుక్క లేచింది. గురప్ప అడ్డం వెళ్ళి ఆవిడతో అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. మామా విన్నది, లోపలికి వెళ్ళింది, ఒక పాస్‌పోర్టు తెచ్చి ఫ్రిజ్ మీద చప్పుడయ్యేలా పెట్టింది. "వాహిద్ సఫర్!" అంది.

సంజీవమ్మ వచ్చి ఎనిమిది నెలలే. ఆమెకు వచ్చిన అరబ్బీ రెండు చేతుల వేళ్ళకు సరిపోతుంది. మాయ్ అంటే నీళ్ళు. వాహిద్ అంటే ఒకటి. సఫర్ అంటే ప్రయాణం. ఖలాస్ అంటే అయిపోయింది. ఆనా అంటే నేను. లా అంటే కాదు, ఇవ్వను, వల్లకాదు. ఈ చివరిదాన్ని ఆమె ఇంకా వాడలేదు.

"ఒగరు పోవాలంట," అన్నాడు గురప్ప.

ఎవరని ఆమె అడగలేదు. నీలం పెట్టిన చేతులు ఎవరివో తెలిసిందే కదా!

పోవడమంటే ఆమెకు ఉద్యోగం పోవడం కాదు. నాలుగేళ్ళు ఉత్తరాల్లోనే కాపురం చేశాక, ఒకే ఇంట్లో మొగుడికి డ్రైవరుగా, పెళ్ళానికి పనిమనిషిగా వీసాలు దొరికిన జంట వాళ్ళది. వాళ్ళ ఊరి రెడ్డెమ్మను చూడండి, ఆమె మిర్కాబ్‌లో, మొగుడు దజీజ్ గోడౌన్లలో. నెలకో శుక్రవారం బస్టాపులో నిలబడి మాట్లాడుకుంటారు. రెడ్డెమ్మ ప్రతిసారీ "నీకేమమ్మే, పొద్దున లేస్తే మొగుడి ముఖం చూస్తావు" అనేది. ఆ ముఖంతో ఇంత పోట్లాడుతున్నా, రేపు లేచి చూస్తే అది కనబడదు.

"అది సరే. మామాతో అంతసేపు ఏం జెప్పినావు?"

"జరిగింది జెప్పినా."

"నా పేరు ఇనపడింది."

"నీ పేరు రాకుండా ఎట్లా జెప్పేది?"

"నీల్ అన్నావు. మాయ్ అన్నావు. అవి నాకు తెలుసులే. ఆపైన మాలి అన్నావు. ఒగసారి కాదు, రెండు మాట్లు. మాయ్ మాలి, మాయ్ మాలి అని. పాపం ఆ బుల్లిరాజన్న జోలికి యాల పోయినావు? ఆయప్ప ఏం జేసినాడు మనల్ని?"

బుల్లిరాజు ఆ ఇంటి తోటమాలి. కోనసీమ మనిషి. చీమ అడ్డమొస్తే పక్కకు తప్పుకుని నడిచే రకం. తన పెళ్ళాన్ని కాపాడుకోలేక అంత మంచివాణ్ణి ఇరికించాడే అని సంజీవమ్మకు ఒళ్ళు మండుతోంది. అంతకన్నా ఎక్కువగా, అసలేమని ఇరికించాడో తెలుసుకోవాలని నాలుక పీకుతోంది.

గురప్ప మేడ మూలనున్న నీళ్ళ ట్యాంకు వైపు చూశాడు.

"నేనెవర్నీ ఇరికిచ్చలేదు," అన్నాడు చివరికి.

"మరి మాలి అంటే ఏంది?"

గురప్ప వంగి ఒక కోటును నీళ్ళలోంచి లేపి మళ్ళీ వదిలాడు.

నిన్న మధ్యాహ్నం మొదలైంది ఇదంతా. మొదటి పది కోట్లూ ఉతికి, ఆరబెట్టి, మడిచి లోపల పెట్టేసింది. రెండో పదీ తీగ మీద ఉండగా తోజ్ వచ్చింది. తోజ్ అంటే మన ఊళ్ళో సుడిగాలి కాదు. ఆకాశం ఒక చివర నుంచి దుమ్ముతో పసుపుపచ్చగా లేచి ఊరి మీద కూర్చుంటుంది. గంట తర్వాత అది లేచిపోయేసరికి, కోట్లు పెసరపిండిలో పొర్లినట్టున్నాయి. సాయంత్రం వంట ముగించుకుని మేడెక్కితే తొట్లు నిండుగా నీళ్ళతో కనబడ్డాయి. అమ్మయ్య అనుకుని మళ్ళీ ఉతికింది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాలేదు. పసుపూ పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, ట్రంకుపెట్టె అడుగున ఊరినుంచి తెచ్చుకున్న నీలిమందు పొట్లం. తొట్లో కలిపి, కోట్లు ముంచి, బరువు పెట్టి దిగివచ్చింది. తెల్లారేసరికి ఇదీ సంగతి.

సంజీవమ్మ ఒక కోటు పైకి తీసి ఎండకు పట్టుకుని చూసింది. మచ్చకీ తెలుపుకీ మధ్య అంచు చూసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఏదైనా పాడైతే ఏడ్చే ముందు అది ఎట్లా పాడైందో చూడటం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"మచ్చ పోదు," అంది. "అయితే కోటంతా అదే రంగు జేస్తే?"

"నీకు పిచ్చి గిన పట్టిందా?"

"పది తెల్లవి, పది నీలివి. మచ్చలు మాత్రం ఉండవు. చెప్పు, ఏది మేలు?"

"వాళ్ళ బట్ట తెల్లగానే ఉండాల. అది వాళ్ళ పద్ధతి."

"పద్ధతేమో గానీ, నేను ఎనిమిది నెలలుగా ఆ సర్దాబ్ మెట్ల మీద రసం గ్లాసులు పట్టుకుని చూస్తాండా. ఇద్దరు తెల్లోళ్ళు కలబడి పడతారు. ఏ కాలు ఎవరిదో తెలీదు. పైనుండేది ఎవరు, కిందుండేది ఎవరు? ఒగని నడుముకు ఎర్రపీలిక కడతారు, అది సగంలోనే ఊడొస్తాది. పడినోడు లేచి నవ్వితే అప్పుడు తెలుస్తాది గెలిచింది వాడని. ఇదేం ఆటబ్బా!"

గురప్పకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టవుతుందని దగ్గాడు.

"ఆ గురువు ఏమంటాడో?"

"మచ్చలు జూస్తే ముద్దు పెట్టుకుంటాడా?"

అతను కాసేపు తొట్టిని కాలితో కదుపుతూ నిలబడ్డాడు. తర్వాత వంగి తొట్టిని వంచి నీళ్ళన్నీ పారబోశాడు. "ఈ నీళ్ళు వద్దు. వంటింట్లోంచి నేను తెస్తా."

"మూడంతస్తులు మోస్తావా? ట్యాంకులో ఉండాయి కదా?"

"ట్యాంకులో తక్కువుండాయి. నేను తెస్తానన్నా కదా!"

అంత విసుగ్గా అన్న మనిషి ఆరుసార్లు దిగి, ఆరుసార్లు ఎక్కి, పన్నెండు బకెట్ల నీళ్ళు మోశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంత ప్రేమ ఉన్నవాడు పొద్దున్నే నా పేరెందుకు చెప్పాడబ్బా అని ఆమె ఆలోచిస్తూ నీలిమందును పాత గుడ్డలో మూటకట్టింది.

మూటను నీళ్ళలో ముంచి పిండితే నీలం పొగలా దిగింది. అరచేతిలోకి నీళ్ళు తీసుకుని గోళ్ళ రంగుతో పోల్చి చూసుకుంది. ఇంకాస్త పిండింది. ఈసారి గుట్టగా వేయలేదు. ఒక్కో కోటునూ విప్పి, పరిచి, రెండు చేతులా ముంచి, ఒకే లెక్కన ఊపి తీసింది.

పిండటం మాత్రం ఒక్కరివల్ల కాదు. తడిసిన జూడో కోటు ఆవుదూడంత బరువుంటుంది. ఒక కొస ఆమె పట్టుకుంది, రెండో కొస అతను పట్టుకున్నాడు. ఆమె కుడికి తిప్పితే అతను ఎడమకు తిప్పాడు. నీలం నీళ్ళు ఇద్దరి పాదాల మీదా పడ్డాయి. పది కోట్లూ అట్లాగే పిండారు. చివరి కోటు దగ్గర అతను కొస వదలకుండా కాసేపు పట్టుకునే ఉన్నాడు.

"ఏంది?"

"ఏం లేదు. ఆరేయ్."

జూలై ఎండ ఒక్క మేలు చేసింది. ముప్పావుగంటలో పది కోట్లూ ఎండి కొయ్యబారాయి. మచ్చ అన్నది లేదు. వానపడి వెలిసిన తర్వాత ఆకాశం ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నాయి. సంజీవమ్మ తన భయం మరచిపోయి వాటివంక చూస్తూ నిలబడింది.

రెండున్నరకు జాసిం ఊళ్ళోంచి వచ్చాడు. చేతిలోని కవరొకటి వంటింట్లో ఫ్రిజ్ మీద, పాస్‌పోర్టు కింద పెట్టాడు. తర్వాత మేడెక్కాడు. ఎక్కి, తల పట్టుకున్నాడు.

"అజ్రగ్!" అన్నాడు. నీలం అని. మళ్ళీ మళ్ళీ అదే అన్నాడు. గురప్ప చేతులు కట్టుకుని నేల చూశాడు. జాసిం గడియారం చూసుకున్నాడు, కోట్లు చూశాడు, ఆకాశం చూశాడు. వేరే కోట్లు లేవు, టైము లేదు. "యల్లా," అన్నాడు, ఇక పదండి అని, ఉరికంబం ఎక్కబోయేవాడు దారి చూపమన్నట్టు.

కవరు సంగతి సంజీవమ్మ వంటింట్లోకి వెళ్ళినప్పుడు చూసింది. విమానం టికెట్టు కవరని దూరం నుంచే తెలుస్తోంది. ముట్టుకోలేదు. ముట్టుకుంటే నిజమైపోతుందని అనిపించింది.

నాలుగింటికి గురప్ప హోటలు నుంచి గురువును కారులో తెచ్చి గేటు దగ్గర దించి, బయటే ఉండిపోయాడు. జపాను గురువు పొట్టిగా, బక్కగా, డెబ్బై దాటినట్టున్నాడు. పెద్ద పహిల్వాను వస్తాడనుకున్న సంజీవమ్మ పళ్ళరసం గ్లాసులు మోసుకుంటూ అతని వెనకాలే సర్దాబ్ మెట్లు దిగుతూ, ఈయన్ని గాలి ఎగరేసుకుపోలేదే అనుకుంది.

కింద రెండు ఏసీలు గుర్రుపెడుతున్నాయి. చాపల మీద ఇటు పదిమంది తెలుపు, అటు పదిమంది నీలం. మామా కుర్చీలో కూర్చుని ఉంది.

గురువు ఆఖరి మెట్టు మీద ఆగిపోయాడు.

ఎంతసేపు ఆగాడంటే, ఒక గ్లాసుకి పట్టిన చెమట కారి పళ్ళెంలో పడింది. జాసిం చెవులు ఎర్రబడ్డాయి. గురువు అతన్ని ఇంగ్లీషులో ఏదో చిన్నగా అడిగాడు. జాసిం పిల్లల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, తలెత్తి మెట్ల వైపు చూశాడు. ఎవరు చేశారని అడిగాడని సంజీవమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

తోజ్ మీద తోసెయ్యొచ్చు. ఏమీ అర్థం కానట్టు నిలబడొచ్చు. ఫ్రిజ్ మీద పాస్‌పోర్టు ఎటూ ఉంది, ఇక కొత్తగా పోయేదేముంది?

"ఆనా," అంది.

గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు. ఇరవైమంది పిల్లలూ తలలు తిప్పారు.

గురువు ఆమె దగ్గరికి వచ్చాడు. ఎందుకని అడిగాడు. జాసిం దాన్ని అరబ్బీలోకి మార్చాడు. అరబ్బీ నుంచి తెలుగులోకి మార్చే గురప్ప గేటు బయట ఉన్నాడు. సంజీవమ్మ పళ్ళెం మెట్టు మీద పెట్టి, కొంగున ముడివేసుకున్న నీలిమందు మూట విప్పింది. గురువు తొడుక్కున్న తెల్లకోటు మెడపట్టీ దగ్గర చెమటకు పసుపెక్కిన చోటు వేలితో చూపింది. రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి "ఇంత, ఇంతే నీలం" అంది. అరచెయ్యి విప్పి "తెల్లగయిపోతాది" అంది. ఆపైన చేతులు బారలు చాపి "నిన్న ఇంతయిపాయ!" అంది.

పిల్లలు గొల్లుమన్నారు. మామా కూడా ముసుగు అంచు అడ్డం పెట్టుకుంది.

గురువు నవ్వలేదు. మూట తీసుకుని వాసన చూశాడు. వేలికి అంటిన నీలాన్ని దీపం కింద పెట్టి చూశాడు. మెడపట్టీనీ మూటనూ వేలితో చూపి, పసుపు మీద నీలం వేస్తే తెలుపెట్లా వస్తుందని మళ్ళీ అడిగాడు. అది తనకూ తెలియదని, తన తల్లికీ తెలియదని, వస్తుంది కాబట్టి వేస్తారని సంజీవమ్మ భుజాలెగరేసి చెప్పింది. ఆ జవాబు అతనికి నచ్చినట్టుంది. మూటను తిప్పి తిప్పి చూస్తుంటే అతని తెల్ల చేతికొసకు నీలం అంటింది. చూసుకున్నాడు గానీ తుడుచుకోలేదు.

తర్వాత జాసింతో మెల్లగా మాట్లాడాడు. జాసిం పిల్లలకు చెప్పాడు. పరీక్ష తెలుపులోనే. తన గురువు ముందు తాను తెలుపులోనే పడ్డాడు, తెలుపులోనే లేచాడు, అందులో మార్పు లేదు. నీలం పిల్లలు తమ వంతు వచ్చినప్పుడు తెల్లకోటు మార్చుకుని రావాలి. చెమట కోటైనా సరే.

కానీ దానికి ముందు ఒక్క పట్టు, ఒక తెలుపూ ఒక నీలం, తన కోసం.

చాప దగ్గర నిలబడి చూడాల్సిన మనిషి మెట్లెక్కి వచ్చి, సంజీవమ్మ పక్కన, రసం పళ్ళెం అవతల కూర్చున్నాడు. కింద ఇద్దరు కుర్రాళ్ళు కలబడ్డారు. లాగారు, తిరిగారు, ధబ్బున పడ్డారు. నీలం కాలు తెల్ల మోకాలి వెనక నుంచి దూరి, కొక్కెంలా పట్టి, లాగింది. అదంతా ఆమెకు కనబడింది! ఎనిమిది నెలల్లో మొదటిసారి ఎవరు ఎవర్ని ఎట్లా పడగొట్టారో కనబడింది. "నీలపోడు!" అని తొడమీద చరుచుకుంది.

గురువు కూడా అదే సమయానికి ఏదో అన్నాడు. కింద నుంచి జాసిం, ఆమెకు అర్థమయ్యేలా, తన కాలు తట్టి చూపించి నవ్వాడు. ఏ కాలు ఎవరిదో తెలిసిందంటున్నాడట. గురువు నీలిమందు మూటను రెండు చేతులా పట్టుకుని, తల వంచి, ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

పరీక్ష ముగిసి, పట్టీలు కట్టి, గురువును గురప్ప మళ్ళీ కారెక్కించుకుని వెళ్ళేసరికి ఆరయింది. మామా మెట్లెక్కుతూ సంజీవమ్మ చెంప మీద వేలితో తట్టింది. "సంజీవమ్మా, ఖలాస్. ఖలాస్," అంది.

అయిపోయింది! పోనక్కర్లేదు. గురప్ప వచ్చాక చెప్పాలి. చెప్పేముందు కాసేపు ఏడిపించాలి. ఆ సంబరంలో ఆమె మేడెక్కి, తొట్లో మిగిలిన నీలం నీళ్ళు బకెట్లో పట్టుకుని, పారబోద్దామని తోటలోకి వచ్చింది.

"అమ్మమ్మమ్మా, ఆగండాగండి! ఆ నీళ్ళు మొక్కకి పొయ్యకండి చెల్లెమ్మగారూ!" బుల్లిరాజు పార పడేసి పరుగెత్తుకొచ్చాడు.

సంజీవమ్మ బకెట్ కింద పెట్టింది. "బుల్లిరాజన్నా, తప్పుగా అనుకోవాకు. పొద్దున మా ఆయప్ప మామాతో నీ పేరు జెప్పినాడు. యాల ఇరికిచ్చినావని నేను అడిగినా."

"నా పేరా? నన్నెవరూ ఏవీ అనలేదండే!"

"చెవులారా ఇన్నా. మాయ్ మాలి, మాయ్ మాలి అని రెండు మాట్లు అన్నాడు."

బుల్లిరాజు ఒక క్షణం తెల్లబోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "మాలి కాదండి బాబూ! మాలిహ్. ఈ దేశంలో తోటమాలిని మాలి అని ఎవరంటారండీ? మాలిహ్ అంటే ఉప్పన. మాయ్ మాలిహ్ అంటే ఉప్పునీళ్ళండి."

"ఉప్పునీళ్ళా? ఏ ఉప్పునీళ్ళు?"

అతని నవ్వు ఆగిపోయింది. గోడవైపు చూశాడు. గోడకు రెండు కుళాయిలున్నాయి. ఒకటి తాగే నీళ్ళది, రెండోది మొక్కలకూ కార్లకూ వాడే ఉప్పునీళ్ళది. రెండోదానికి నల్లటి రబ్బరు గొట్టం తగిలించి ఉంది.

"మీకు చెప్పొద్దన్నాడండి," అన్నాడు బుల్లిరాజు.

"చెప్పన్నా."

"నిన్న సాయంత్రం ఈ గొట్టం, మోటారూ మేడమీదికి పట్టుకెళ్ళాడండి మీ ఆయన. ట్యాంకు ఎండిపోయింది, నీళ్ళబండి రాలేదు, మా ఇంటిది కిందనించి బిందెలు మోస్తే దాని నడుం పడిపోద్ది అన్నాడండి. ఉప్పునీళ్ళు బట్టలకెందుకయ్యా అంటే, ఉతకడానికే కదా అన్నాడు. మీరు నీలం పెడతారని అతనికేం తెల్సండీ? ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, నీలం పాలు విరిగినట్టు విరిగిపోద్ది. పొద్దున్న ఆ మచ్చలు చూసి నా దగ్గరకొచ్చి ఒకటే బాధండి."

"మరి మామాతో..."

"తప్పు నాదే, నీళ్ళు నావే, సంజీవమ్మది కాదని చెప్పాడంటండి. మీకు చెబితే మీరెళ్ళి కాదు నాదేనంటారని భయం. అందుకే చెప్పొద్దన్నాడు."

బకెట్‌ను అక్కడే వదిలేసి సంజీవమ్మ లోపలికి నడిచింది. నాలుగడుగులు నడిచి, ఆపైన పరుగెత్తింది.

ఒగరు పోవాలంట. ఎవరని తను అడగలేదు. అతనూ చెప్పలేదు. పన్నెండు బకెట్లు మోశాడు, పది కోట్లు పిండాడు, ఆఖరి కోటు కొస వదలకుండా పట్టుకున్నాడు. తను అతన్ని పొద్దుటి నుంచీ నానా మాటలూ అంది. పిరికోడా అని మనసులో తిట్టుకుంది కూడా.

ఫ్రిజ్ మీద పాస్‌పోర్టు అలాగే ఉంది. నీలం అట్ట. తెరిచింది.

కొత్తగా కత్తిరించిన మీసంతో, ఐదేళ్ళ కిందటి గురప్ప ఆమెను చూశాడు. కవరులో టికెట్టు ఉంది. అందులోని ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు గానీ, పాస్‌పోర్టులో ఫొటో పక్కన ఉన్న పేరూ టికెట్టు మీది పేరూ ఒకటేనని పోల్చుకోవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.

గేటు దగ్గర కారు హారను మోగింది. గురువును దింపి వచ్చాడు. బుల్లిరాజు పరుగున వెళ్ళి గేటు తీస్తున్న చప్పుడు వినబడింది.

"సంజీవమ్మా!"

వంటింటి గుమ్మంలో మామా. సాయంత్రపు నవ్వు ఆవిడ ముఖంలో ఇప్పుడు లేదు. పనిమనిషి చేతిలో పాస్‌పోర్టు చూసింది, చెయ్యి చాపింది. "జీబీ," అంది. ఇటు తే అని. గేటు వైపు చూపి, "సఫర్" అని కూడా అంది.

నీలం ఇంకా వదలని వేళ్ళతో సంజీవమ్మ పాస్‌పోర్టు మూసింది. కవరుతో సహా రవికెలోకి తోసుకుంది. మామా కళ్ళలోకి సూటిగా చూసింది.

"లా," అంది.